ఎస్.జి. అనే మూడో మనిషి

మీరు చేసే ఉద్యోగం ఏమిటని మా వియ్యపురాలు అడిగినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. "ప్రభుత్వం ఇచ్చిన కాయితాలు చదువుతానమ్మా" అంటే, "చదివినందుకు జీతమా అన్నయ్యగారూ?" అని బుగ్గలు నొక్కుకునేది. అవును, చదివినందుకే. పోయినేడు పదవీ విరమణ చేశాను. మన పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారని విని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, ఏ ఫారం ఎన్ని ప్రతులు నింపాలో ఇందులో ఉండదు. అవన్నీ మీకు ఆఫీసులోనే తల వాచేలా చెబుతారు.

పని ఏమిటంటే

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో విమానం దిగిన మనిషి కాయితాల మీద అధికారికి అనుమానం వస్తే, దేశంలోకి రానివ్వకుండా తాళం వేసిన గదిలో ఉంచవచ్చు. ఆ మనిషి ఏ నేరమూ చేసి ఉండడు. అయినా ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అలాంటి చోట్ల జరిగినవాటి మీద ఫిర్యాదులు పోగుపడీ పోగుపడీ, చివరికి ఒక బహిరంగ విచారణ వేశారు. దానికి అధ్యక్షురాలు ఒక విశ్రాంత న్యాయమూర్తి. నేను ఆవిడ దగ్గర పత్రాల పరిశీలకుణ్ణి.

విచారణ కాయితాలు అడుగుతుంది, ఆ గదులు నడిపే ప్రభుత్వ శాఖ ఇస్తుంది. ఎలా ఇస్తుందంటే, పెళ్ళిలో ఆఖరి బంతికి నెయ్యి వడ్డించినట్టు ఇస్తుంది. కొన్ని పేజీల్లో సగం వాక్యాలకు నల్లరంగు పూసి ఉంటుంది. కొన్ని పేజీలు అసలుండవు. వాటి బదులు ఒక పట్టిక వస్తుంది: ఫలానా తేదీ పత్రం, ఫలానా కారణంగా గోప్యం అని. ఇచ్చిన కాయితాన్ని ఎవరైనా చదువుతారు. ఇవ్వని కాయితాన్ని చదవడమే మన పని.

నోరా పాఠం

ఈ పనిలోకి రాకముందు కార్క్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా నాణ్యత విభాగంలో ఉన్నాను. అక్కడ నా మొదటి బాస్ నోరా. మనిషి సన్నగా ఉండేది, మాట అంతకంటే సన్నగా ఉండేది, కానీ తగిలిందంటే మూడు రోజులు మండేది.

చేరిన మొదటి వారంలో ఒక రికార్డులో అంకె తప్పు రాశాను. గుంటూరులో చదువుకున్నప్పటి అలవాటు కొద్దీ, కనపడకుండా బాగా గీకి పక్కన కొత్త అంకె వేశాను. నీటుగా చేశానని నా గర్వం. నోరా ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టింది.

"కింద ఏముందో నాకు కనపడాలి ప్రసాద్. ఒక్క గీత గియ్యి, సంతకం పెట్టు, తేదీ వెయ్యి. తప్పు చేస్తే ఇక్కడ ఉద్యోగం పోదు. తప్పును కప్పితే పోతుంది."

ఆవిడే నేర్పిన ఇంకో సంగతి సరిచూడటం. సీసాల మీద అతికించే లేబుళ్ళు వంద బయటికి ఇస్తే, అతికించినవీ చించినవీ మిగిలినవీ కలిపి వంద తేలాలి. ఒకటి తగ్గినా ఒకటి ఎక్కువైనా లైను ఆగిపోవాల్సిందే. "ఎక్కువైతే మంచిదేగా" అన్నానొకసారి. ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. లేనిచోట ఒకటి ఎక్కువ కనిపించిందంటే ఎక్కడో ఒకటి రెండుగా లెక్కకొచ్చిందని అర్థం, తగ్గడం కంటే అదే ప్రమాదం అంది.

విచారణల పనిలోకి వచ్చాక నాకు లాయర్ల దగ్గర నేర్చుకున్నదానికంటే నోరా దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ ఉపయోగపడింది. ఈ మాట లాయర్లకు నచ్చదు. నచ్చకపోతే మానె.

నేను చేసిన తప్పు

గొప్పలు చెప్పుకునే ముందు తప్పు చెప్పుకోవాలి.

విచారణ మొదటి నెలల్లో ట్రాలీ అనే ఊళ్ళో పనిచేసే ఒక తెలుగు యువకుడు వాంగ్మూలం ఇచ్చాడు. విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళి ఒక రాత్రి ఒక పగలు ఉంచారట. అక్కడ ఎలా ఏడ్చాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో అన్నీ దాచకుండా చెప్పాడు. పేరు బయటికి రాదని మేం మాట ఇచ్చాం. నా సహోద్యోగి కీరన్, ఆ అబ్బాయి పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ నల్లగా పూసి నా దగ్గరికి పంపాడు. రెండోసారి చూసి సంతకం పెట్టాల్సింది నేను. ఆ రోజు కార్క్ రైలు అందుకోవాలన్న తొందరలో చూడకుండానే పెట్టాను. వాంగ్మూలం విచారణ వెబ్‌సైటులోకి ఎక్కింది.

కీరన్ తప్పు లేదు. అతను ఐర్లండ్ మనిషి, పేరు దాస్తే మనిషి దాగుతాడనుకున్నాడు. వాంగ్మూలంలో ఊరి పేరు ఉంది. తండ్రికి ఆ ఊళ్ళో మందుల షాపు ఉందని కూడా ఉంది. మనవాళ్ళకు పేరెందుకు? ఊరు చాలు.

తర్వాతి శనివారం కార్క్‌లో మన తెలుగువాళ్ళ భోజనాలు జరిగాయి. పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. వెనకాల ఎవరో ఫోన్ చూస్తూ, "ఆ ఊళ్ళో మందుల షాపు అంటే మా తోడల్లుడి మేనల్లుడేనండీ! వీణ్ణి లోపలేశారా? మాకు చెప్పనే లేదే!" అంటున్నాడు. నాలుగు కుటుంబాలు చుట్టూ మూగాయి. పళ్ళెం అక్కడే పెట్టేసి బయటికొచ్చేశాను.

మర్నాడే ట్రాలీ వెళ్ళాను. ఆ అబ్బాయి తలుపు తీసి, కోప్పడకుండా టీ పెట్టి ఇచ్చాడు. అదే నన్ను ఎక్కువ చంపింది.

"మా అమ్మకి లోపల ఉంచిన సంగతి చెప్పలేదండీ అంకుల్. కనెక్టింగ్ ఫ్లైట్ లేటయిందని చెప్పాను. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి చెప్పారంట. రోజూ ఏడుస్తోంది" అన్నాడు.

క్షమించమని అడిగాను. తల ఊపాడు. అది క్షమించడం కాదని నాకు తెలుసు. తిరిగొచ్చి అధ్యక్షురాలికి జరిగింది రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ రాజీనామా అడుగుతుందనుకున్నాను. "ఇకమీద తెలుగు సాక్షుల పత్రాలన్నీ మొదట మీరే చూడండి, తొందర లేకుండా" అని మాత్రం అంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలోకి వచ్చే కుర్రకారుకు దాపరికమంటేనే పగ ఉంటుంది. అన్నీ బయట పెట్టేస్తే న్యాయం జరిగిపోతుందనుకుంటారు. కొన్ని రహస్యాలు బలహీనుడి ఒంటి మీద బట్టల్లాంటివి, వాటిని లాగేసే హక్కు మనకు లేదు. ఇంకొన్ని అధికారి కుర్చీ కింది దుమ్ములాంటివి. ఈ రెంటినీ విడదీయడానికి నాకు ఒకే ప్రశ్న ఉపయోగపడింది: ఈ రహస్యం ఎవరిది? దీన్ని దాస్తే ఎవరికి మేలు?

శాఖలవాళ్ళు రాక్షసులని కూడా అనుకోకండి. నేను చూసినవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ, పిరికివాళ్ళు ఎక్కువ. కాయితం ఇచ్చి చిక్కుల్లో పడినవాడు ఉంటాడు గానీ ఇవ్వనందుకు పడినవాడు ఉండడు, అందుకని ఇవ్వరు. అడిగితే ఒక్కొక్కరూ మర్యాదగా, "మా దగ్గర ఏమీ లేదండీ" అంటారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

సుమలత

పేరు వాడుకోమని ఆమే చెప్పింది. గుండేటి సుమలత. కరీంనగర్ వైపు అమ్మాయి. కార్క్ దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో చేరడానికి వచ్చింది. విమానాశ్రయంలో అధికారికి ఆమె ఉద్యోగపు ఉత్తరం మీద అనుమానం వచ్చి రెండు రోజులు లోపల ఉంచారు. ఆమెకు ఉబ్బసం. ఇన్‌హేలర్ సామాన్ల పెట్టెతోపాటు విమానాశ్రయంలోనే ఉండిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం ఊపిరాడక ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆ తర్వాత ఉత్తరం నిజమైనదేనని తేలి, దేశంలోకి రానిచ్చారు.

అక్కడితో ఊరుకుంటే ఊరుకునేది. ఇన్‌హేలర్ కావాలని మూడుసార్లు అడిగినా ఇవ్వలేదని ఫిర్యాదు రాసింది. శాఖ జవాబు: మీరు అడిగినట్టు ఎక్కడా నమోదు కాలేదు, మీది అసత్య ఫిర్యాదు. ఆ 'అసత్య' అన్న ముక్క ఆమె రికార్డులో అతుక్కుపోయింది. ఏళ్ళు గడిచి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, సత్ప్రవర్తన మీద సందేహం ఉందని ఆపేశారు.

సాక్ష్యం చెప్పే ముందు రోజు పత్రాలు చూపించడానికి కూర్చున్నాం. పక్కన ఆమె లాయరు ఉన్నాడు.

"అంకుల్, పాస్‌పోర్ట్ కోసం కాదు నా బాధ. వచ్చినా రాకున్నా బతుకుత. కానీ నేను అబద్ధం చెప్పిన్నని రాసిన్రు. నేను మూడుసార్లు అడిగిన. ఆ మాట వాళ్ళ నోటెంట రావాలె" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. కానీ నా చేతిలో ఉన్న ఆమె ఫైలులో ఏమీ లేదు. విమానాశ్రయం కాయితాలు ఉన్నాయి. ఉంచిన చోట ఎవరేమడిగారో రాసే గదుల పుస్తకం నుంచి ఆమె పేజీ ఒక్కటీ లేదు. అడిగితే, లేవు అన్నారు. అదే రోజుల్లో అక్కడున్న ఇతర ఆడవాళ్ళ ఫైళ్ళు ఇమ్మంటే, మూడో వ్యక్తుల, అంటే ఈ ఫిర్యాదుతో సంబంధం లేనివాళ్ళ, గోప్యత అని ఇవ్వలేదు. పేర్లు కూడా లేకుండా పొడి అక్షరాలు, విమానం, తేదీలతో ఒక పట్టిక మాత్రం పంపారు. అది కూడా మా కళ్ళకే, సాక్షులకు చూపకూడదన్న షరతు మీద.

ఆ పట్టికను నేను అప్పటికి మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాను. ఏమీ తట్టలేదు. ఆ సాయంత్రం విసుగొచ్చి నోరా చెప్పినట్టు సరిచూడటం మొదలుపెట్టాను. ఆ రెండు రోజుల భోజనాల చీటీ శాఖే పంపింది, అందులో రహస్యం ఏముంటుందని. సుమలతను ఆస్పత్రికి తీసుకెళ్ళేదాకా ఆడవాళ్ళ గదులకు పూటకు ఐదు భోజనాలు. పట్టికలో ఐదుగురు మూడో వ్యక్తులు, సుమలతతో కలిపి ఆరుగురు. ఆరు ఫైళ్ళు, ఐదు కంచాలు.

రెండు రోజులు తిండి లేకుండా ఎవరుంటారు? ఒక ఫైలు ఎక్కువైంది. ఒకటి రెండుగా లెక్కకొచ్చింది.

అప్పుడు చూశాను. మా ఫైలు మీద జి.ఎస్. అని ఉంది. పట్టికలో నాలుగో వరసలో ఎస్.జి. అని ఉంది. అదే విమానం, అదే తేదీ.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఇంకెవరైనా పోల్చుకోలేదంటే సరే, నాకేమైంది? ఐర్లండ్‌లో దిగిన మొదటేడు మా డాక్టరుగారి దగ్గర "మిస్టర్ ప్రసాద్" అని ఒకసారీ, వేరే మనిషన్నట్టు మా ఇంటిపేరుతో ఇంకోసారీ పిలిస్తే, రెండుసార్లూ లేచి నిలబడ్డవాణ్ణి! మనం ఇంటిపేరు ముందు చెబుతాం. ఇక్కడ ఇంటిపేరు చివర ఉంటుంది. విమానాశ్రయం అధికారి పాస్‌పోర్టు చూసి గుండేటిని ఇంటిపేరుగా రాశాడు. తాళం వేసిన చోట గుమస్తా పేరడిగితే, ఈమె మనం చెప్పినట్టే గుండేటి సుమలత అంది. అతను సుమలతను ఇంటిపేరు చేశాడు. ఫైళ్ళ మీద మాత్రం ఇంటిపేరు అక్షరమే ముందు వేస్తారు కాబట్టి ఒకచోట జి.ఎస్., ఇంకోచోట ఎస్.జి. ఒక ఆడపిల్ల ఇద్దరైంది. శాఖవాళ్ళు ఒకరి గోప్యతను ఇంకొకరి నుంచి ఏళ్ళ తరబడి కాపాడుతూ వచ్చారు.

వెంటనే ఫోన్ చేసి ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పలేదు. పట్టిక చూపకూడదన్న షరతు మీద నా సంతకం ఉంది. ట్రాలీ అబ్బాయి ముఖం గుర్తొచ్చింది. సంతకమంటే సంతకమే. నేరుగా అధ్యక్షురాలి గదికి వెళ్ళాను.

ఆవిడ భోజనాల చీటీని, పట్టికను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంటే ఆ అమ్మాయి రహస్యాన్ని ఆ అమ్మాయికి తెలియకుండా దాస్తున్నారంటారు?"

"అలాగే ఉందండీ."

"గ్రాండ్" అంది కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. ఐర్లండ్‌లో 'బాగుంది' అనే ఈ మాటను పది రకాలుగా వాడతారు. ఆవిడ ఆ రోజు వాడిన రకం నేను అంతకుముందు వినలేదు.

వాళ్ళ నోటి వెంట

మర్నాడు విచారణ. సుమలతకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా ఆ రెండు రోజుల సంగతి తెలుగులోనే చెబుతానంది. పక్కన దుబాసీ కూర్చుంది. ఎదురుగా శాఖ తరఫు సీనియర్ లాయరు. మంచి సూటు, మంచి గొంతు.

ఎస్.జి., జి.ఎస్. ఒకరేనా అని అధ్యక్షురాలు ఆయన్ని అడిగింది. అవునని గానీ కాదని గానీ చెప్పలేమన్నాడు ఆయన. అలా చెబితే మూడో వ్యక్తి వివరాలు వెల్లడి చేసినట్టవుతుందట. నాకు నవ్వాగలేదు. దగ్గుతో సరిపెట్టాను.

ఆవిడ సుమలత వైపు తిరిగింది. "మిమ్మల్ని ఉంచిన చోట ఏమని పిలిచేవారు?"

"మిస్ సుమలత అనే పిలిచిన్రు మేడమ్. రెండు రోజులూ అట్లనే."

"ఆ పేరు మీద ఒక ఫైలుంటే, అది మీదే అయితే, నేను చదవడానికి మీకు అభ్యంతరం ఉందా?"

"నాదైతే నా ముంగటనే తెరువుండ్రి."

లాయరు లేచి ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది. ఫైలు తనకు ఇవ్వమని ఆదేశించి, తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఇరవై నిమిషాలు నేను కూర్చోలేకపోయాను. నా లెక్క తప్పైతే సంబంధం లేని ఒక ఆడమనిషి బతుకుని అన్యాయంగా తెరిపించినవాణ్ణవుతాను. రెండోసారి.

ఆవిడ తిరిగొచ్చింది. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు రెండూ సరిపోయాయని చెప్పింది. ఫైలును లాయరు చేతికిచ్చి, నాలుగో పేజీ మీరే చదవండి అంది. అది పగటి డ్యూటీలో ఉన్న ఒక మహిళా గార్డు చేతిరాత. ఆయన చదివాడు.

"ఇన్‌హేలర్ అడిగింది. సామాన్లలో ఉందంటోంది. విమానాశ్రయానికి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు." తర్వాతి వరస: "మళ్ళీ అడిగింది. మళ్ళీ ఫోన్ చేశాను. ఆగమన్నారు." మంచి గొంతు కాస్త తగ్గింది. "మూడోసారి అడిగింది. నిజమే చెబుతోంది, ఛాతీలో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. ఎవరి అనుమతీ లేకుండా నేనే డాక్టర్ని పిలుస్తున్నాను." కింద సంతకం దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

దుబాసీ తెలుగులో చెప్పబోయింది. సుమలత వద్దంది. ఇంగ్లీషులోనే విన్నది, వాళ్ళ నోటి వెంటే విన్నది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, తర్వాత తీసేసి గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఉద్యోగి కొట్టకూడదు. కొట్టాను.

ఆ సాయంత్రానికే 'అసత్య' అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు శాఖ రాసిచ్చింది. తర్వాత ఆమెకు పౌరసత్వమూ వచ్చింది. గదుల పుస్తకాలను ఒక్క పేరు కింద కాకుండా రెండు విధాలా వెతకాలని విచారణ ఆదేశిస్తే, లేవన్న కాయితాలు ఇంకా చాలామందివి దొరికాయి. నా ఉద్యోగ జీవితంలో ఇంత సంతోషం ఇంకెప్పుడూ లేదు. దాచుకోవడమెందుకు, ఛాతీ విరుచుకునే తిరిగాను.

కానీ నేను మీకు చెప్పి ముగించాలనుకున్నది ఆ హాల్లోనే జరిగిన ఇంకో సంగతి. లాయరు సర్దుకుని, ఈ ఫైలును ప్రచురించే ముందు ఏవి గోప్యంగా ఉంచాలో శాఖ పరిశీలించుకోవాలి, కొంత గడువు ఇవ్వండి అన్నాడు.

"ఇప్పుడిది మూడో వ్యక్తి ఫైలు కాదు. ఆమెది. ఏం దాచాలో ఆమె చెబుతుంది. మనం ఆగుదాం" అంది అధ్యక్షురాలు.

నల్ల మార్కరు తీసుకెళ్ళి సుమలతకు ఇచ్చింది నేనే. ఆమె మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. తన బరువు, తన జబ్బు, అమ్మకు ఫోన్ చెయ్యనివ్వమని ఏడ్చిందని రాసిన వాక్యం, అన్నీ వేలు పెట్టి చదివింది. దేన్నీ ముట్టుకోలేదు. పెద్ద లాయరు, ఆయన వెనక నలుగురు చిన్న లాయర్లు, శాఖ అధికారులు చేతులు కట్టుకుని ఆమె చదవడం అయ్యేదాకా కూర్చున్నారు. నాలుగో పేజీలో ఆగింది. కింద సంతకం మీద మార్కరు పెట్టి, అక్షరం కనపడకుండా రెండుసార్లు పూసింది.

"అదెందుకమ్మా?" అన్నాను మెల్లగా.

"నిజం రాసింది గద అంకుల్. రేపు ఆమె నౌకరికి ఏం గావొద్దు" అంది. మార్కరుకు మూత పెట్టి నా చేతికిచ్చి, అధ్యక్షురాలి వైపు చూసింది. "నాదంతా చదువుకోనియ్యుండ్రి మేడమ్."